మావారికో గొలుసు రంపం

రంపం అనే మాట మన భాషలో ఒంటరిగా తిరగదు. ఎక్కడికెళ్ళినా కోతని వెంటబెట్టుకునే వెళ్తుంది. "అబ్బ, ఆవిడతో రోజూ రంపపు కోతే అనుకో!" అని కోడలి గురించి అత్తగారూ, అత్తగారి గురించి కోడలూ అనని ఊరు లేదు. పూర్వం కలప కోసే చోట్ల దుంగని ఎత్తుగా నిలబెట్టి, పైన ఒకడూ కింద ఒకడూ నిలబడి పొద్దస్తమానం పెద్దరంపాన్ని పైకీ కిందికీ లాగుతూ పలకలు తీసేవారు. కిందివాడి కళ్ళల్లో పొట్టు, పైవాడి నడుంలో నొప్పి. ఎంత లాగినా ఆ పని ఓ పట్టాన తెమలదు. తెమలని బాధలకి ఆ పేరు అలా వచ్చి ఉంటుందని నా ఊహ.

ఇప్పుడా కోత నిమిషాల్లో తెమిలిపోతోంది. పెట్రోలుతోనో కరెంటుతోనో నడిచే చైన్ సా, అంటే గొలుసు రంపం, పల్లెల్లోకి కూడా వచ్చేసింది. చెట్లు కోసే మిషను అంటారు మా వైపు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని ఊడ్చిపెట్టినప్పుడు రోడ్లకి అడ్డంగా పడిన మహావృక్షాల్ని తొలగించింది ఈ మిషన్లే. ఆ రోజుల్లో అక్కడున్నవాళ్ళకి ఆ రొద ఇప్పటికీ చెవుల్లో ఉండే ఉంటుంది.

అలాంటి మిషను మీద మావారికి మనసు పోయింది. ఉద్యోగం నుంచి విరమించాక నూజివీడు దగ్గర మా మామగారి నాటి మామిడితోట మీద ధ్యాస పెట్టారు. ఎండుకొమ్మలు తీయించుదామంటే చెట్టెక్కే మనిషి దొరకడు, దొరికినా చెప్పిన రోజుకి రాడు. "ఒక చిన్న మిషను మనమే కొనుక్కుంటే పోలా?" అన్నారు. పుట్టి బుద్ధెరిగి కత్తిపీట ముందు కూచోని మనిషి! అయినా ముచ్చట పడ్డవారిని కాదనడమెందుకు? పైగా మిక్సీ మొదలు బట్టలుతికే మిషను దాకా మా ఇంటికొచ్చిన యంత్రాలన్నీ నేను చూసి ఎంచినవే. ఇదీ నువ్వే చూడు అన్నారు. సంబంధం చూసేటప్పుడు వంశం విచారిస్తాం కదా, అలాగే ఈ రంపం పుట్టుపూర్వోత్తరాలు విచారించడం మొదలుపెట్టాను.

విచారిస్తే తేలిందేమిటో చెబితే మీరు నమ్మరు. దీని పుట్టిల్లు అడవి కాదు, పురిటి గది!

పద్ధెనిమిదో శతాబ్దంలో కాన్పు కష్టమై బిడ్డ అడ్డం తిరిగినా, తల్లి కటి ఎముకలు ఇరుకైనా, వైద్యుల చేతుల్లో పెద్దగా ఏమీ ఉండేది కాదు. కడుపు కోసి బిడ్డని తీస్తే తల్లి దాదాపు దక్కేది కాదు. 1777లో పారిస్‌లో సిగో అనే వైద్యుడు మరో దారి తొక్కాడు. కటి ఎముకలు రెండూ ముందువైపు కలిసేచోట మెత్తటి ఎముక ఉంటుంది. దాన్ని కోస్తే దారి కాస్త వెడల్పవుతుంది. అంతకుముందు నాలుగు కాన్పుల్లోనూ బిడ్డని పోగొట్టుకున్న ఒక తల్లికి అలా చేశాడు. తల్లీ బిడ్డా బతికారు. పారిస్ వైద్య పండితులు మెచ్చి ఆయన పేర పతకం వేయించారు. ఆ తల్లికి మాత్రం శస్త్రచికిత్స తాలూకు బాధ ఒంట్లో మిగిలిపోయింది. పతకాల మీద అలాంటివి చెక్కరు కదా!

ఆ కోత కత్తితో అన్నిసార్లూ సాధ్యమయ్యేది కాదు. ఎముక గట్టిపడి ఉంటే, ఇరుకు జాగాలో చెయ్యి తిరగకపోతే, ప్రాణాల మీదికొచ్చేది. ఎడింబరోలో జాన్ ఐట్కెన్, గ్లాస్గోలో జేమ్స్ జెఫ్రే అనే ఇద్దరు స్కాట్లండు వైద్యులు 1780ల్లో ఇంచుమించు ఒకే ఆలోచన చేశారు. సన్నటి గొలుసు, దాని లంకెలకి ఒకవైపు పళ్ళు, రెండు కొసలా రెండు పిడులు. గడియారపు గొలుసుని చూస్తే ఆ ఊహ తట్టిందని జెఫ్రే చెప్పుకున్నాడు. ఎముక వెనకనుంచి గొలుసుని పోనిచ్చి, రెండు చేతులతో ఇటూ అటూ లాగితే చుట్టూ ఉన్న కండ చెడకుండా ఎముక ఒక్కటీ తెగుతుంది. జెఫ్రే దృష్టి కాన్పులకన్నా కుళ్ళిన కీళ్ళ ఎముకలు తీసేయడం మీదే ఎక్కువగా ఉండేది. ఐట్కెన్ మాత్రం 1785లో తన ప్రసూతి వైద్య గ్రంథంలోనే దాని బొమ్మ వేశాడు.

"ప్రసవం కోసమే చైన్ సా కనిపెట్టారు" అని ఈ మధ్య ఎవరైనా చెబితే, ఆ రొద పెట్టే రాక్షసిని పురిటి మంచం పక్కన ఊహించుకుని భయపడకండి. అది చూడ్డానికి మన మెడలో నాను గొలుసంత ఉండేది. అయితే భయపడాల్సిన సంగతి ఇంకొకటుంది. అప్పటికి మత్తుమందు లేదు. అదే ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ అనే వైద్యుడు కాన్పు నొప్పులకి క్లోరోఫారం వాడింది 1847లో. అంటే ఆ గొలుసు వచ్చిన అరవై ఏళ్ళకి. ఆ అరవై ఏళ్ళూ ఆ గొలుసు కింద పడుకున్నవాళ్ళ పేర్లు ఏ గ్రంథంలోనూ వెతకనక్కర్లేదు, ఉండవు.

1830లో జర్మనీలోని వుర్ట్‌స్‌బుర్గ్‌లో బెర్న్‌హార్డ్ హైనె అనే ఆయన, వైద్యానికి పరికరాలు తయారుచేసే కుటుంబంవాడు, ఆ గొలుసుని ఒక సన్నటి పలక అంచు చుట్టూ అమర్చి పిడితో తిప్పే ఏర్పాటు చేశాడు. ఎముకలు కోసే ఆ పనిముట్టు బొమ్మ చూస్తే ఇవాళ్టి గొలుసు రంపానికి చంటితనంలో తీయించిన ఫోటోలా ఉంటుంది. పోలిక అంత ఉన్నా, దీన్ని చూసే దాన్ని చేశారని చెప్పడానికి ఆధారం లేదు. 1894లో ఇటలీ వైద్యుడు జిల్యి పళ్ళున్న తీగని వాడకంలోకి తెచ్చాక వైద్యశాలల్లో గొలుసు మూలపడింది. సిజేరియన్ క్షేమమయ్యేకొద్దీ ఆ కోత అవసరమూ తగ్గింది. తగ్గిందన్నానే గాని పోయిందనలేదు. ఐర్లండులో 1940ల నుంచి 1980ల దాకా సుమారు 1500 మంది తల్లులకి ఈ శస్త్రచికిత్స చేశారు. ఎందుకు చేస్తున్నారో చాలామందికి చెప్పనైనా లేదు. నడవడం కష్టమై, మూత్రబాధలతో ముసలివాళ్ళయిన ఆ ఆడవాళ్ళు గట్టిగా అడగ్గా అడగ్గా 2014లో అక్కడి ప్రభుత్వం నష్టపరిహారం పథకం పెట్టింది.

ఇక అడవిలోకి వెళ్దాం.

1905లో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోకి చెందిన శామ్యూల్ బెన్స్ అనే ఆయన మహా రెడ్‌వుడ్ చెట్లని కూల్చడానికి తుదీ మొదలూ లేని గొలుసు రంపానికి పేటెంటు తీసుకున్నాడు. కానీ మనుషులు చెట్టు దగ్గరికి మోసుకెళ్ళగలిగే రంపం 1920ల్లో గాని రాలేదు. జర్మనీలో ఆండ్రెయాస్ స్టీల్ 1926లో కరెంటుతో నడిచేది తయారుచేశాడు. అడవిలో కరెంటెక్కడిది? 1927లో ఎమిల్ లెర్ప్ పెట్రోలు రంపాన్ని థూరింజియాలో డోల్మార్ అనే కొండమీద పరీక్షించి, ఆ కొండ పేరే తన సంస్థకి పెట్టుకున్నాడు. 1929లో స్టీల్ కూడా పెట్రోలు మిషను తెచ్చాడు. బరువు 46 కిలోలు! బియ్యం బస్తా మోస్తూ చెట్టు కొట్టడమన్నమాట. ఇద్దరు మగవాళ్ళు చెరో కొసా పట్టుకోవాల్సిందే. పాత పెద్దరంపంలాగే ఇదీ ఇద్దరి కాపురమే.

రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. బ్రిటన్‌లో అడవి పనివాళ్ళు సైన్యంలోకి పోయారు, బయటినుంచి కలప రావడం కష్టమైంది. బొగ్గు గనుల పైకప్పు కూలకుండా ఆనించే దుంగలు లేకపోతే గనులు నడవవు, గనులు నడవకపోతే ఏదీ నడవదు. 1942లో మహిళల కలప దళాన్ని ఏర్పాటు చేశారు. అప్పటిదాకా టైపు కొట్టిన పిల్లలు, దుకాణాల్లో బట్టలు కొలిచిన పిల్లలు కొన్ని వారాల శిక్షణతో అడవుల్లోకి వెళ్ళారు. లంబర్‌జిల్స్ అని వాళ్ళకి ముద్దుపేరు. వాళ్ళ చేతికి ఇచ్చింది మిషన్లనుకునేరు! గొడ్డలి, ఇద్దరు లాగే రంపం. చలిలో, బురదలో చెట్లు కొట్టి, దుంగలు లారీలకెక్కించి, ఆ లారీలూ వాళ్ళే నడిపారు. యుద్ధం కాగానే మగవాళ్ళొచ్చారు, వీళ్ళు ఇళ్ళకెళ్ళారు. స్కాట్లండులో వాళ్ళకో కంచు విగ్రహం పెట్టడానికి 2007 దాకా పట్టింది.

యుద్ధం తర్వాత ఈ రంపం బరువు తగ్గిన తీరు చూస్తే మనలాంటివాళ్ళకి అసూయ కలుగుతుంది. అల్యూమినియం, మెగ్నీషియం లాంటి తేలిక లోహాలు చవకయ్యాయి. మిషనుని ఎటు ఒరగదీసినా పెట్రోలు సరిగ్గా అందించే కార్బొరేటరు వచ్చింది. 1949లో అమెరికా మెకల్లక్ కంపెనీ 25 పౌండ్లకి, అంటే సుమారు 11 కిలోలకి తెచ్చింది. 1950లో స్టీల్ కంపెనీ ఒంటిమనిషి రంపం 16 కిలోలు, 1959 నాటిది 12. 1963లో హోమ్‌లైట్ కంపెనీ 12 పౌండ్ల మిషను అమ్మకానికి పెట్టింది. అంటే అయిదున్నర కిలోలు, మూడు నెలల పిల్లని ఎత్తుకున్నట్టే అనుకోండి. ఆపైన 1973లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టేసరికి అమెరికాలో కొంపలకి వెచ్చదనం కోసం కట్టెల పొయ్యిలు తిరిగొచ్చాయి. వాటితోపాటే గొలుసు రంపం ఆదివారం పూట గుమాస్తాల చేతికీ, లెక్కల మాస్టర్ల చేతికీ వచ్చింది.

బరువు తగ్గింది సరే, పళ్ళ సంగతేమిటి? వెనకటి గొలుసుల పళ్ళు మన పాత రంపపు పళ్ళలాగే ఉండేవి. గీరుకుంటూ పోయేవి, తొందరగా మొద్దుబారేవి, ఆకురాయి పెట్టి పదునుపెట్టడానికే సగం రోజు పట్టేది. 1946లో అమెరికాలో ఆరెగన్ రాష్ట్రం అడవుల్లో జోసెఫ్ కాక్స్ అనే పనివాడు కట్టెలు కొడుతూ, మొద్దులో ఒక పురుగుని చూశాడు. చూపుడు వేలంత లావు పురుగు. దాని దవడలు కుడీ ఎడమా కదులుతూ, కలపని అడ్డంగా గాని నిలువుగా గాని లెక్కచెయ్యకుండా తొలుచుకుపోతున్నాయి. నేనైతే చీపురు తెచ్చి ఉండేదాన్ని. ఆయన మాత్రం దాన్ని దగ్గరపెట్టుకుని చూసి, ఆ దవడల అచ్చునే ఉక్కులో తీశాడు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి వంగిన పళ్ళు. 1947లో పోర్ట్‌లండ్‌లో, తన ఇంటి అడుగు గదిలో గొలుసుల తయారీ మొదలుపెట్టాడు. ఇవాళ బజారులో దొరికే గొలుసులు చాలామటుకు ఆ పురుగు సంతానమే. అన్నట్టు, మన మామిడి చెట్లలో రంధ్రాలు చేసి పొట్టు రాల్చే కాండం తొలిచే పురుగు ఉంది చూడండి, అది దానికి దాయాది. రెండూ ఒక్క కుటుంబంవే. మా తోటలో మావారు కోయబోయే ఎండుకొమ్మలు సగం ఆ దాయాది చలవే!

ఇంతవరకూ విని, వంశం మంచిదే, ఖాయం చేసుకుందాం అనుకునేలోగా పిల్లవాడి దుర్గుణాలూ చెప్పాలి.

మొదటిది వణుకు. రోజంతా ఆ మిషను పట్టుకున్నవాళ్ళకి వేళ్ళలో రక్తం ఆడక, చలికాలం వేళ్ళు తెల్లగా పాలిపోయి స్పర్శ పోయేది. అమెరికాలో ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ 1918లోనే ఇండియానా రాష్ట్రంలో రాళ్ళు చెక్కేవాళ్ళ చేతుల్లో ఇదే జబ్బు చూసి రాసింది. గాలితో కొట్టుకునే సుత్తుల వల్లనే అని తేల్చింది. అయినా అడవి కూలీల వేళ్ళు తెల్లబడేదాకా రంపాల కంపెనీలకి పట్టలేదు. జపానులో దీన్ని తెల్లమైనపు జబ్బన్నారు. పనివాళ్ళు పోరాడితే రోజుకి రెండు గంటలు మించి ఈ రంపం పట్టించకూడదన్న కట్టుబాటు 1970ల నాటికి వచ్చింది. ఇంజనుకీ పిడులకీ మధ్య రబ్బరో స్ప్రింగో పెట్టి వణుకు చేతిదాకా రాకుండా చెయ్యడం 1960ల నడిమి నుంచి మొదలైంది.

రెండోది ఎగిరి తన్నడం. ఇది ప్రాణాంతకం. గొలుసు పైఅంచు మీద ముందుకి పరిగెత్తి, కొసన వంపు తిరిగి, కింది అంచు మీద మనవైపు వస్తుంది. సెకనుకి ఇరవై మీటర్ల వేగమన్నా ఉంటుంది. ఆ వంపు దగ్గర, కొసకి పైభాగం మరో కొమ్మకి తగిలిందా, పళ్ళు అక్కడ కరుచుకుని బారు మొత్తం లేచి మనిషి మొహం మీదికి వస్తుంది. రెప్పపాటు కాలం కూడా పట్టదు. ముందు పిడి ఎదట అడ్డంగా ఒక కవచం ఉంటుంది. చెయ్యి దానికి తగిలితే గొలుసు ఆగిపోయే బ్రేకు 1970ల మొదట్లో వచ్చింది. 1973లో హస్క్‌వార్నా కంపెనీ, చెయ్యి తగలకపోయినా ఆ ఊపుకి తనంతట తానే పడే బ్రేకు పెట్టింది. కట్టెల పొయ్యిల కాలంలో ఆదివారపు కట్టెలకొట్టుళ్ళు ఆస్పత్రుల పాలవుతుంటే అమెరికాలో గొడవ లేచి, 1985లో ఈ తన్నుని అదుపులో పెట్టే ప్రమాణాలు తయారయ్యాయి. తక్కువ తన్నే గొలుసులు అలా ప్రచారంలోకి వచ్చాయి.

అందుకని దుకాణంలో అబ్బాయి "ఎన్ని సీసీలు కావాలమ్మా?" అని అడిగితే నేను సీసీల జోలికి పోలేదు. ముందు బ్రేకు చూపించమన్నాను. కవచాన్ని ముందుకి తోసి, టక్కుమని పడుతుందో లేదో చూశాను. వెనక పిడి మీద ఒక మీటా కింద ఒక మీటా ఉంటాయి. రెండూ కలిపి నొక్కితే గాని గొలుసు కదలకూడదు. గొలుసు తెగితే పట్టుకునే చిన్న కొక్కెం అడుగున ఉండాలి. ఇవి లేని చవక మిషన్లు ఉన్నాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. బారు పొడుగుంటే మగతనం అనుకుంటారు మగవాళ్ళు. కొత్తవాడికి పన్నెండు అంగుళాలు చాలు, పద్నాలుగు దాటక్కర్లేదు. జబ్బంత లావు కొమ్మలకి అంతకన్నా ఎందుకు? బరువు నాలుగైదు కిలోలు మించకూడదు. అదీ పెట్రోలూ నూనే పోసిన తర్వాత, దుకాణంలో బల్లమీద ఉన్నప్పుడు కాదు.

పెట్రోలా, బ్యాటరీయా అన్నది మా ఇంట్లో మూడు రోజుల చర్చ. పెట్రోలు దానికి బలం ఎక్కువ, కానీ పెట్రోల్లో ఇంజన్ ఆయిల్ కొలతగా కలపాలి, తాడు లాగి స్టార్టు చెయ్యాలి, నెలల తరబడి వాడకపోతే మొరాయిస్తుంది. ఏడాదికి పది రోజులు వాడే మనిషికి బ్యాటరీదే మేలని నా తీర్పు. మీట వదిలితే నోరు మూసుకుంటుంది, పక్క తోటవాళ్ళు తిట్టుకోరు, వణుకూ తక్కువ. అడవిలో కరెంటు లేక వెనకపడ్డ స్టీల్‌గారి 1926 నాటి ఆలోచన వందేళ్ళకి చుట్టుతిరిగి మళ్ళీ కరెంటు దగ్గరికే వచ్చింది చూడండి! రెండు బ్యాటరీలు తీసుకోవాలి, లేకపోతే సగం కొమ్మ మీద కథ ఆగిపోతుంది. అయితే బ్యాటరీ దానికీ గొలుసు నూనె వేరే పొయ్యాలి. కరెంటుది కదా నూనెందుకు అనుకుంటే బారు కాలిపోతుంది.

మిషను ఖరీదు చూసి బేరమాడానుగాని, దానితో పాటు కొనాల్సిన వాటి దగ్గర ఆడలేదు. జాలీ ఉన్న హెల్మెట్, చెవులకి మూతలు, గట్టి బూట్లు, ఆపైన ప్రత్యేకమైన లాగు. దాని పొరల్లో పొడుగాటి దారాలుంటాయి. గొలుసు తగిలితే అవి బయటికొచ్చి చక్రానికి చుట్టుకుని దాన్ని పట్టేస్తాయి. "మన ఎండల్లో అదెక్కడ వేసుకుంటాను, లుంగీ పైకి కట్టుకుంటే సరిపోదా?" అన్నారు మావారు. వేలాడే గుడ్డ ఏదైనా, లుంగీ అయినా చీరకొంగయినా, ఈ గొలుసుకి ఆహారమే. మామిడికి కొమ్మ కత్తిరింపు కాయ కోత అయ్యాక, జూన్ జూలైల్లో. పొద్దున్నే ఎనిమిదిలోపు కానిస్తే ఆ లాగు భరించలేనంతేమీ కాదు.

ఈ పనికి పెట్టుకోవలసిన హద్దులు దుకాణంవాళ్ళు చెప్పరు, మనమే చెప్పుకోవాలి. భుజానికి పైన కోయకూడదు. నిచ్చెన మీద నిలబడి అసలు కోయకూడదు. ఒంటిచేత్తో పట్టుకోకూడదు. పైకొమ్మలకి పొడుగు కర్రకి బిగించిన చేతిరంపం ఉంది. అదీ అందని వాటికి, ఎన్ని రోజులు ఆగాల్సొచ్చినా సరే, తెలిసిన మనిషినే పిలవాలి. చెట్టునే మొదలంటా తీసెయ్యాలంటే అది వేరే వ్యవహారం. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం సొంత పొలంలో చెట్టయినా అనుమతి తీసుకోవాలి. ఇక చుట్టుపక్కల ఎవరూ లేకుండా ఒంటరిగా మిషను పట్టకూడదు. కేక వినపడే దూరంలో ఒక మనిషి ఉండాలి. మా తోటలో ఆ మనిషిని నేనే కాబట్టి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, ఒక చేతిలో బ్యాండేజీల పెట్టె, ఇంకో చేతిలో ఫోను పట్టుకుని, పొట్టు ఎగిరిపడని దూరంలో కుర్చీ వేసుకోవాలని నిశ్చయించాను.